ఎమ్మారైలో ఇంకో రెండు మచ్చలు... రొమ్ము మొత్తం తీసేయాల్సిందేనా?

పేరు, ఊరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 47 ఏళ్లు. లెక్కల టీచరు. నెల కిందట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చిన్న గట్టి ఉండ చేతికి తగిలింది. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, బయాప్సీ వరసగా అయ్యాయి. 1.8 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ అని తేలింది. పాలనాళాల్లో మొదలయ్యే మామూలు రకమే. హార్మోన్ పరీక్షలు పాజిటివ్ (అంటే హార్మోన్ మాత్రలకు లొంగే రకం), హెర్‌2 అనే ప్రోటీన్ పరీక్ష నెగెటివ్. చంకలో అల్ట్రాసౌండ్ చేసి గ్రంథులు మామూలుగానే ఉన్నాయన్నారు. సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి, గడ్డ వరకు తీసేసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందని చెప్పారు. ఆమె హమ్మయ్య అనుకున్నారు.

అప్పుడు ఆమే ఒక మాట అడిగారు. రొమ్ము కణజాలం దట్టంగా ఉందని, చిన్న గడ్డలు కనపడకపోవచ్చని మామోగ్రామ్ రిపోర్టులో రాసి ఉంది. ఫోన్లో వీడియోలు చూసి, ‘ఎమ్మారై కూడా చేయిస్తే మంచిదేమో డాక్టర్’ అన్నారు. ‘తప్పనిసరేం కాదు, కావాలంటే చేయిద్దాం’ అన్నారాయన. చేయించారు. స్కాన్ అయిన రెండు రోజులకే నెలసరి వచ్చిందని, ఆ నీరసంలోనే వెళ్లి రిపోర్టు తెచ్చుకున్నానని ఉత్తరంలో ఒక మూల రాశారు.

రిపోర్టులో ఎడమ రొమ్ములోనే, అసలు గడ్డకు 3 సెంటీమీటర్ల దూరంలో 7 మిల్లీమీటర్ల ఇంకో మచ్చ ఉందని వచ్చింది. కుడి రొమ్ములో 5 మిల్లీమీటర్లది మరొకటి. రెండింటి పక్కనా ‘బైరాడ్స్ 4’ అని ఉంది. అది చూసిన సర్జన్, ‘అయితే ఎడమ రొమ్ము మొత్తం తీసేయడమే సేఫ్’ అన్నారు. పది రోజుల్లో ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. కుడివైపు సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఇంట్లో తలా ఒక మాట. ‘రెండూ తీయించేసుకో, పీడా విరగడైపోతుంది’ అన్నది అన్నయ్య సలహా. భర్త ‘డాక్టర్ ఎలా చెబితే అలా’ అనేసి ఇక మాట్లాడటం లేదు. రాత్రిళ్లు ఆయన నిద్రపోవడం లేదని మాత్రం ఆమెకు తెలుసు. డిగ్రీ చదువుతున్న కూతురు సెకండ్ ఒపీనియన్ అంటోంది. ఆమె పిన్నికి 60 దాటాక ఇదే జబ్బు వచ్చింది.

చివరగా ఆమె ఇలా అడిగారు: “స్కాన్‌కి ముందు చిన్న ఆపరేషన్ అన్నారు, స్కాన్ తర్వాత పెద్దది అంటున్నారు. నా జబ్బు మారలేదు, ఫొటో మారింది. దేన్ని నమ్మాలి? తీయించుకోకపోతే ప్రాణానికి ముప్పా? అసలు ఆ స్కాన్ అడిగి చేజేతులా తెచ్చుకున్నానా?”

అమ్మా,

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు చేజేతులా తెచ్చుకున్నదేమీ లేదు. ఆ మచ్చలు క్యాన్సరే అయినా, ఇంకేదైనా అయినా, స్కాన్‌కి ముందు రోజు కూడా అక్కడే ఉన్నాయి. దట్టమైన రొమ్ములో మామోగ్రామ్ చదవడం తెల్లగోడ మీద సుద్దముక్కతో రాసింది చదవడం లాంటిది. కణజాలమూ తెల్లగానే కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. కాబట్టి మీరు అడిగింది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. తిరకాసు దాని తర్వాతి మెట్టులో వచ్చింది.

“నా జబ్బు మారలేదు, ఫొటో మారింది” అన్నారు చూడండి, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఏళ్ల తరబడి ఇలాంటి స్కాన్లు చూసి రిపోర్టులు రాసినదాన్ని. మేమూ, సర్జన్లూ గంటల తరబడి వాదించుకునే విషయాన్ని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ ఫొటో ఎలా వస్తుందో కాస్త చెప్పనివ్వండి. మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టి, రెండు రొమ్ములూ కింది గుంటల్లోకి వేలాడేలా సర్ది, చేతికి సన్నటి గొట్టం పెట్టి ఉంటారు. ఆ ఠకఠక మోత మధ్యలో ఒక్కసారిగా చెయ్యి చల్లబడిన సంగతి గుర్తుందా? అప్పుడే గాడోలినియం మందు ఎక్కించారు. అది రక్తంతో పాటు వెళ్లి, రక్తనాళాలు ఎక్కువగా ఉన్నచోట చేరి మెరుస్తుంది. క్యాన్సర్ గడ్డ తన పోషణకి కొత్త రక్తనాళాలు పెంచుకుంటుంది కాబట్టి బాగా మెరుస్తుంది. చిక్కేమిటంటే, ఫైబ్రోఎడినోమా లాంటి ప్రమాదం లేని గడ్డలు కూడా మెరుస్తాయి. పాలనాళంలో పెరిగే చిన్న పిలకలు మెరుస్తాయి. నెలసరికి ముందు హార్మోన్ల ప్రభావంలో ఉన్న మామూలు రొమ్ము కణజాలం కూడా అక్కడక్కడా మెరుస్తుంది.

మీరు ఒక మూల రాసి వదిలేసిన ఆ రెండు రోజుల సంగతి నాకు ముఖ్యంగా కనిపించింది అందుకే. నెలసరి వచ్చే స్త్రీలకు రొమ్ము ఎమ్మారై వీలైతే నెలసరి మొదలయ్యాక రెండో వారంలో, అంటే 7 నుంచి 14 రోజుల మధ్య చేయడం మంచిదని మేం చెప్పుకుంటాం. అప్పుడు మామూలు కణజాలం మెరుపు తక్కువగా ఉంటుంది. మీకు నెలసరికి సరిగ్గా రెండు రోజుల ముందు చేశారు. క్యాన్సర్ అని తేలిపోయాక నెలసరి కోసం వారాలు ఆగరు, అందులో ఆ సెంటర్ వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఆ మచ్చల్ని తూచేటప్పుడు ఈ సంగతి కూడా తక్కెట్లో వేయాలి. మీ సర్జన్‌కి ఇది తెలిసే అవకాశం లేదు. చెప్పండి.

ఇక ‘బైరాడ్స్ 4’. ఇది మేం స్కాన్‌లో కనిపించినదాన్ని వర్గీకరించే పద్ధతి. 5 అంటే 95 శాతానికి పైగా క్యాన్సరే అయ్యుంటుందని మా అనుమానం. 3 అంటే క్యాన్సరయ్యే అవకాశం 2 శాతానికి మించదు. ఈ రెండింటికీ మధ్యనున్నదంతా 4. అంటే 2 నుంచి 95 దాకా. లెక్కల టీచరు కదా, ఇంత వెడల్పు ఉన్న జవాబుకి మీరు ఎన్ని మార్కులు వేస్తారో నాకు తెలుసు. అందుకే ఆ వర్గానికి ఒక సూచన కూడా జతచేసి ఉంటుంది: సూదితో ముక్క తీసి పరీక్షించాలి. రిపోర్టు రాసిన డాక్టర్ అడిగింది బయాప్సీ. దాన్ని దాటేసి ఆపరేషన్ మార్చేయడమే నాకు మింగుడుపడనిది.

నేను మీ స్కాన్ చూడలేదు, మీ సర్జన్‌ని తప్పుపట్టే పనీ పెట్టుకోను. ఆయనకు ఎదురుగా ఉన్నది గడువు, భయపడుతున్న మనిషి, రెండు మచ్చల రిపోర్టు. మొత్తం తీసేస్తే ఏదీ మిగిలిపోదన్న నిశ్చింత ఉంటుంది. అయినా నా మాట ఇదే: మెరిసిన మచ్చకి సూది పరీక్ష కాకుండా ఆపరేషన్ సైజు మార్చకూడదు. ఈ ఒక్క మెట్టూ ఎక్కితే మీ మిగతా ప్రశ్నలు సగం వాటంతటవే తేలిపోతాయి.

ఏ మచ్చ ఎంత అనుమానించదగ్గదో చూద్దాం. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. అప్పటికే క్యాన్సర్ ఉన్న రొమ్ములో ఎమ్మారై అదనంగా చూపించిన మచ్చల మీద 19 అధ్యయనాలను కలిపి 2008లో ఒక సమీక్ష వచ్చింది. అలా కనిపించిన వాటిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు నిజంగా క్యాన్సరే. మిగతా ఒక వంతు ఉత్తిదే. కాబట్టి ఎడమవైపు మచ్చను ‘ఏమీ కాదులే’ అని నేను తీసిపారేయను. కుడివైపుది వేరే లెక్క. 2007లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒక రొమ్ములో క్యాన్సర్ తేలిన 969 మందికి రెండో రొమ్ము ఎమ్మారై తీశారు. 121 మందికి బయాప్సీ చేయాల్సివచ్చింది. అందులో క్యాన్సర్ తేలింది 30 మందికి. అంటే సూది గుచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురికి ఏమీ లేదు. అలాగని, మామోగ్రామ్‌కి చిక్కని క్యాన్సర్ 30 మందిలో దొరికిన మాటా నిజమే. ‘తర్వాత చూద్దాం’ అనడం నాకు నచ్చనిది ఇందుకే. రెండు మచ్చలూ ఆపరేషన్‌కి ముందే తేలాలి.

ఎలా తేలుస్తారంటే, మొదట ఎమ్మారై బొమ్మను పక్కన పెట్టుకుని ఆ చోటనే మళ్లీ జాగ్రత్తగా అల్ట్రాసౌండ్ చేస్తారు. ఎక్కడ వెతకాలో తెలిసి చూస్తే మొదటిసారి జారిపోయింది చాలాసార్లు దొరుకుతుంది. దొరికితే, ఇంతకుముందు చేసినట్టే చిన్న మత్తు సూది వేసి ముక్క తీస్తారు. అల్ట్రాసౌండ్‌లో కనిపించకపోతే అంతటితో వదిలేయకూడదు. ఎమ్మారైలోనే ఉంచి బయాప్సీ చేసే సదుపాయం ఉంటుంది, అన్నిచోట్లా ఉండదు. మీ ఆస్పత్రిలో లేకపోతే ఉన్నచోటికి పంపమనండి. ఆ యంత్రం అక్కడ లేదన్న కారణంగా ఎవరి రొమ్మూ పోకూడదు. ముక్క తీశాక ఆ చోట నువ్వుగింజ అంత లోహపు క్లిప్ వదులుతారు. భయపడకండి, అది గుర్తు కోసమే.

ఎడమవైపు మచ్చ క్యాన్సర్ కాదని వస్తే ఒక ప్రశ్న అడగడం మరిచిపోకండి: “స్కాన్‌లో కనిపించినదానికి ఈ రిజల్ట్ సరిపోతోందా?” సూది ఒక్కోసారి పక్కకు పోవచ్చు. బొమ్మకీ, ముక్కకీ పొంతన కుదిరిందని రేడియాలజిస్టు చెబితే మీరు మొదటి ప్లానుకి తిరిగి వచ్చేసినట్టే. గడ్డ వరకు తీయడం, తర్వాత రేడియేషన్, ఆ పైన హార్మోన్ మాత్రలు. ఆ మచ్చను కొన్నాళ్ల తర్వాత మళ్లీ స్కాన్‌లో చూసుకోమని చెబుతారు.

క్యాన్సరని వస్తే? అప్పుడు కూడా రొమ్ము మొత్తం తీయడం ఒక్కటే దారి కాదు. ఒకే రొమ్ములో రెండుచోట్ల ఉంటే తీసేయాల్సిందేనన్నది చాలాకాలం నడిచిన పద్ధతి. మీ సర్జన్ ఆ అలవాటులోనే చెప్పి ఉండొచ్చు. అమెరికాలో 40 దాటిన స్త్రీల మీద జరిగిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. దాదాపు 200 మంది, అందరికీ ఒకే రొమ్ములో రెండు మూడు చోట్ల గడ్డలు. వాటిని విడివిడిగా తీసి, రొమ్మును ఉంచి, రేడియేషన్ ఇచ్చారు. ఐదేళ్లలో మళ్లీ అక్కడే వచ్చింది 3.1 శాతానికి. ఇందులో మీకు పనికొచ్చే విశేషం ఇంకోటి ఉంది. ఆపరేషన్‌కి ముందు ఎమ్మారై చేయించుకున్నవాళ్లలో అది 1.7 శాతమే. చేయించుకోనివాళ్లలో 22.6 శాతం. చేయించుకోనివాళ్లు 15 మందే కాబట్టి ఆ రెండో అంకెను పట్టుకుని సిద్ధాంతాలు కట్టకూడదు. ఐదేళ్లంటే ఈ రకం క్యాన్సర్‌కి పెద్ద గడువేమీ కాదు కూడా. అయినా చూడండి, ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే తెలిసిన రొమ్మును కాపాడుకునే అవకాశం ఉంది. మీరు తిట్టుకుంటున్న ఆ స్కానే మీకు సాయపడే చోటు ఇది.

అది మీకు కుదురుతుందా లేదా అన్నది కొన్ని కొలతల మీద ఉంటుంది. రెండు గడ్డలూ, వాటి మధ్యనున్నదీ కలిపి తీస్తే రొమ్ములో ఎంత మిగులుతుంది? చిన్న రొమ్మైతే ఆకారం చెడిపోవచ్చు. మిగిలినదాన్ని సర్ది ఆకారం నిలబెట్టే ఆంకోప్లాస్టిక్ పద్ధతి తెలిసిన సర్జనైతే అవకాశం పెరుగుతుంది. ఆ 3 సెంటీమీటర్ల దూరాన్నీ ఉన్నదున్నట్టు తీసుకోకండి. స్కాన్‌లో బోర్లా వేలాడిన రొమ్ము, ఆపరేషన్ టేబుల్ మీద వెల్లకిలా పరుచుకుంటుంది. దూరాలు మారిపోతాయి. అందుకే క్లిప్పులు, అందుకే ఆపరేషన్ రోజు పొద్దున గుర్తు కోసం గుచ్చే సన్నటి తీగలు.

ఆ రోజు లోపల ఏం జరుగుతుందో కూడా చెబుతాను, చాలామందికి తెలియదు. సర్జన్ తీసిన ముక్కకు రెండు దారాలు కట్టి పంపుతారు. ఎక్కువచోట్ల పొట్టి దారం పైవైపుకు, పొడుగు దారం చంకవైపుకు గుర్తు. మీరింకా మత్తులో ఉండగానే ఆ ముక్కకు మేం ఎక్స్‌రే తీస్తాం. లోపల గడ్డ ఉందా, క్లిప్పులు లెక్కకు సరిపోయాయా, ఏ అంచుకైనా మరీ దగ్గరగా ఉందా అని చూసి థియేటర్‌కి ఫోన్ చేస్తాం. ‘పొడుగు దారం వైపు ఇంకొంచెం తీయండి’ అంటే సర్జన్ అప్పుడే తీస్తారు. తర్వాత పాథాలజీలో ఆ ముక్క అంచులకు ఇంకు పూసి, ఇంకుకి క్యాన్సర్ తగలకుండా ఉందో లేదో మైక్రోస్కోపులో చూస్తారు. తగిలితే మళ్లీ ఆపరేషన్. రొమ్మును ఉంచుకునే దారిలో ఒప్పుకోవాల్సిన ఇబ్బంది ఇదే. బ్రిటన్‌లో 1623 మందితో జరిగి 2010లో వచ్చిన అధ్యయనంలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి రెండోసారి ఆపరేషన్ అవసరమైంది. దానికి సిద్ధపడే మనసు మీకుందో లేదో మీరే చూసుకోవాలి.

ఆ అధ్యయనం అసలు పెట్టింది ఎమ్మారై వల్ల రెండో ఆపరేషన్లు తగ్గుతాయేమో చూడటానికి. తగ్గలేదు. చేయించుకున్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ 19 శాతమే. మీ సర్జన్ మొదట ‘తప్పనిసరేం కాదు’ అన్నది ఊరికే కాదు. ఈ ఉత్తరం చదువుతున్న మిగతావాళ్లు గడ్డ అనగానే ఎమ్మారైకి పరిగెత్తకండి. మామోగ్రామ్‌లో సరిగా కనిపించని, పాలగ్రంథుల్లో మొదలయ్యే లోబ్యులర్ రకానికి, రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ జీన్ మార్పు ఉన్నవాళ్లకు, ముందు కీమో ఇచ్చి గడ్డ కరిగాక ఆపరేషన్ చేసేవాళ్లకు, చంకలో క్యాన్సర్ ఉండి రొమ్ములో గడ్డ దొరకనివాళ్లకు దాని అవసరం ఎక్కువ.

ఇక ప్రాణానికి ముప్పా అన్న ప్రశ్న. దీనికి చాలా పాత జవాబు ఉంది. 1970లలో ఇటలీలో ఉంబెర్టో వెరొనేసీ, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్లు విడివిడిగా ఇదే ప్రశ్న పట్టుకున్నారు. కొందరికి రొమ్ము మొత్తం తీశారు, కొందరికి గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇచ్చారు. 20 ఏళ్ల ఫలితాలు రెండూ 2002లో వచ్చాయి. రెండు రకాలవాళ్లూ సమానంగానే బతికారు. తేడా ఉన్నది మళ్లీ అదే రొమ్ములో రావడంలో. ఫిషర్ బృందం ఇంకొందరికి గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వలేదు. వాళ్లలో 39 శాతానికి అదే రొమ్ములో తిరిగొచ్చింది. రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 14 శాతానికి. ఇప్పటి మందులతో ఆ అంకె ఇంకా తగ్గింది.

ఆ స్త్రీలెవరికీ ఎమ్మారై లేదు. వాళ్ల రొమ్ముల్లో ఇంకో మచ్చ లేదని మనకేం తెలుసు? నిజానికి చాలామందికి ఉండే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో రోలాండ్ హాలండ్ అనే పాథాలజిస్టు, ఒకటే గడ్డ ఉందనుకుని తీసేసిన రొమ్ముల్ని పొరలు పొరలుగా కోసి చూశాడు. 43 శాతం రొమ్ముల్లో అసలు గడ్డకు 2 సెంటీమీటర్ల అవతల కూడా క్యాన్సర్ కణాలు దొరికాయి. ఆ ఫలితం 1985లో వచ్చింది. అంటే మిగిలిపోయిన అలాంటి చిన్నచిన్న వాటిని రేడియేషన్ చాలామటుకు అణిచేస్తోందన్నమాట. ఇప్పుడు ఎమ్మారై వాటిలో కొన్నింటిని ముందే చూపిస్తోంది. చూశాక, సూదితో రుజువయ్యాక, తెలిసి తెలిసి వదిలేయమని నేను చెప్పను, తీయాలి. కానీ కనిపించింది కాబట్టి రొమ్మే పోవాలన్న లెక్క ఆ అనుభవంలో లేదు.

ఇదంతా చదివి కూడా ‘నాకు మొత్తం తీయించుకుంటేనే మనశ్శాంతి’ అనిపిస్తే అది తప్పు నిర్ణయం కాదు. కొందరికి ప్రతి ఏడాదీ మామోగ్రామ్ రిజల్ట్ కోసం ఎదురుచూడటమే నరకం. కొందరికి రేడియేషన్‌కి వారాల తరబడి రోజూ వెళ్లే వీలు ఉండదు. అయితే తీయించుకుంటే ఏం తప్పుతుందో, ఏం తప్పదో తెలిసి చేయండి. హార్మోన్ మాత్రలు రెండు దారుల్లోనూ ఉంటాయి. కీమో కావాలా వద్దా అన్నది గడ్డ స్వభావాన్ని, చంకలోని గ్రంథుల్ని బట్టి ఉంటుంది, ఎంత రొమ్ము తీశారన్నదాన్ని బట్టి కాదు. చంకలో పాకిందని తేలితే రొమ్ము తీసేశాక కూడా రేడియేషన్ పడొచ్చు. చాలామంది ‘రొమ్ము తీసేస్తే కరెంటు పెట్టక్కర్లేదట’ అన్న ఒక్క మాట మీద ఒప్పేసుకుని, తర్వాత రెండూ పడ్డాక మోసపోయినట్టు బాధపడతారు. ఛాతీ ఆ వైపు మొద్దుబారి ఉంటుంది, కొన్ని రోజులు డ్రైన్ గొట్టంతో తిరగాలి. అప్పుడే కొత్త రొమ్ము అమర్చుకునే ఆపరేషన్ కావాలంటే ఆ మాట ముందే ఎత్తాలి, తర్వాత గుర్తొస్తే అవకాశాలు తగ్గుతాయి.

అన్నయ్యగారి సలహా ప్రేమతో వచ్చిందే. కానీ కుడివైపు మచ్చ ఉత్తిదని తేలితే, మంచి రొమ్మును తీయడం వల్ల మామూలు రిస్కు ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతారన్న రుజువు లేదు. ఉన్న క్యాన్సర్ శరీరంలో పాకుతుందా లేదా అన్నదే ఆయుష్షును తేలుస్తుంది. దాన్ని కుడి రొమ్ము తీయడం ఆపదు. ఈ లెక్క మారేది ఒకచోట: బీఆర్‌సీఏ జీన్‌లో మార్పు ఉంటే. అప్పుడు రెండో రొమ్ములో కొత్తగా వచ్చే అవకాశం బాగా ఎక్కువ కాబట్టి ఆయన మాటకు బలం వస్తుంది. 65 లోపు రొమ్ము క్యాన్సర్ తేలిన అందరికీ ఆ రక్తపరీక్ష చేయించుకుంటారా అని అడగాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2024లో సిఫారసు చేసింది. మీకు 47, పిన్నిగారి చరిత్ర ఉంది. చేయించండి. ఆపరేషన్‌కి ముందే రిజల్ట్ వచ్చేలా ఇప్పుడే రక్తం ఇస్తే మంచిది.

చంక గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. అక్కడ అల్ట్రాసౌండ్ శుభ్రంగా ఉందన్నారు. ఇటలీలోని మిలాన్ నుంచి నడిపిన సౌండ్ అనే అధ్యయనంలో, 2 సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి చంక స్కాన్ మంచిగా వచ్చినవాళ్లలో కొందరికి అసలు చంక ఆపరేషనే చేయలేదు. ఐదేళ్ల తర్వాత తేడా కనిపించలేదు. 2023లో ఆ ఫలితం వచ్చాక చంకను ముట్టుకోకుండా వదిలేసే పద్ధతి మొదలైంది. ఇప్పటికి దాన్ని ఎక్కువగా 50 దాటి నెలసరి ఆగిపోయినవాళ్లకే సూచిస్తున్నారు. మీకు ఒకటి రెండు గ్రంథులు తీసి చూసే సెంటినెల్ నోడ్ పరీక్షే చేస్తారనుకుంటాను. చంక మొత్తం ఖాళీ చేస్తామంటే మాత్రం ఎందుకని అడగండి. అలా చేస్తే కొందరికి చెయ్యి వాపు జీవితాంతం వేధించొచ్చు.

మీవారి మౌనం గురించి. ‘డాక్టర్ ఎలా చెబితే అలా’ అన్నమాటలో నిర్లక్ష్యం ఉందని మీరు అనుకుంటున్నట్టున్నారు. రొమ్ము ఉంచుకోమంటే స్వార్థం అనుకుంటారేమో, తీయించుకోమంటే అక్కర్లేదనుకున్నానని బాధపడతారేమోనని నోరు మెదపని భర్తల్ని చాలామందిని చూశాను. ఆయన్ని అభిప్రాయం అడగకండి, పని చెప్పండి. వచ్చే అపాయింట్‌మెంట్‌కి ఆయన చేతికి నోటు పుస్తకం ఇచ్చి, డాక్టర్ చెప్పిన జవాబులు రాసుకోమనండి. ఆ గదిలో మీకు సగం మాటలే చెవికెక్కుతాయి, మిగతా సగం ఆయన దగ్గర ఉంటాయి.

పది రోజుల్లో ఆపరేషన్ అన్నారు. ఈ ఉత్తరం మీకు అందేసరికి ఏడో ఎనిమిదో మిగులుతాయి. ఈ రకం గడ్డ ఇంత సైజుకి రావడానికి చాలాకాలం పట్టి ఉంటుంది. బయాప్సీల కోసం రెండు వారాలు ఆగినంత మాత్రాన కొంపేం మునగదు. నెలల తరబడి మాత్రం సాగదీయకండి. సర్జన్‌కి ఫోన్ చేసి, “డాక్టర్‌గారూ, ఆ రెండు మచ్చలూ సూదితో పరీక్షించాక నిర్ణయిద్దామా? రెండోది కూడా క్యాన్సరైతే రెండూ తీసి రొమ్ము ఉంచే వీలు నాకుందా?” అని అడగండి. మంచి డాక్టర్ ఎవరూ దీనికి చిన్నబుచ్చుకోరు. నా అంచనాలో ఆయన ఒప్పుకుంటారు. ససేమిరా అంటే మీ అమ్మాయి మాట వినండి. సర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, రేడియేషన్ డాక్టర్ కలిసి కూర్చుని కేసులు మాట్లాడుకునే ట్యూమర్ బోర్డు ఉన్నచోటు చూసుకోండి. అక్కడికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలు ఒక్కటే చాలవు, నా మాటలు కూడా అక్కర్లేదు. ఎమ్మారై, మామోగ్రామ్ బొమ్మలున్న సీడీ, బయాప్సీ స్లైడ్లు అడిగి తీసుకెళ్లండి. నెలసరి తేదీ ఆ ఫైలు మీదే పెన్నుతో రాసిపెట్టండి.